గేర్‌బాక్స్ మార్చాలంటున్నారు: పాతది తెచ్చి వెయ్యాలా, రీబిల్డా, రీమ్యానా?

గేర్_గోల
మా కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్, ఆరు గేర్ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ టైపు (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్స్‌కి అందించేది), సీవీటీ (విడి గేర్లు లేని బెల్టు రకం) కాదు. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నాళ్ళుగా రెండు నుంచి మూడులోకి వెళ్ళేటప్పుడు ఇంజన్ ఒక్కసారి రేజ్ అయిపోయి ఆ తర్వాత దబ్బుమని గేరు పడుతోంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రివర్స్ వేస్తే కాసేపు అసలు కదలదు, తర్వాత వెనక నుంచి ఎవరో తోసినట్టు కదులుతుంది. గ్యారేజ్‌కి తీసుకెళ్తే ఒక రౌండ్ నడిపి "బాక్స్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. మూడు దారులు చెప్పారు: యాక్సిడెంట్ అయిన కారులోంచి దించిన పాత బాక్స్ వెయ్యటం, మాదే విప్పి రీబిల్డ్ చెయ్యటం, లేదంటే వేరేచోట బాగుచేసి పంపే రీమ్యాన్ బాక్స్ తెప్పించటం. మా బావేమో ఎలాగూ ఖర్చు పెడుతున్నావు కదా మాన్యువల్‌కి మార్చేయ్ అంటున్నాడు. ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది, బాడీ బాగుంది, ఇంకో ఐదారేళ్ళు వాడుకోవాలని ఉంది. ఎవరైనా చేయించుకున్నవాళ్ళుంటే ఏది ఎంచుకోవాలో చెప్పండి. అమ్మేయమని మాత్రం చెప్పకండి, అది వింటూనే ఉన్నా.

స్పానర్12
స్కానర్ పెట్టారా అసలు? ఒక రౌండ్ నడిపి బాక్స్ పోయిందని ఎలా చెప్తారు.

మాన్యువల్_మనిషి
బావగారికి నా ఓటు 🙌

నాలుగుచక్రాలు
పాతది తెచ్చి వేసెయ్యండి. నేను అలాగే చేశా, నాలుగేళ్ళయింది, ఇప్పటిదాకా ఒక్క జర్క్ లేదు. తక్కువ తిరిగిన కారులోది దొరికితే దానికి మించింది లేదు, ఫ్యాక్టరీలో బిగించింది ఎవడూ విప్పలేదు కదా. రీబిల్డ్ అంటే ఎవరి చేతిలో పడుతుందో తెలీదు.

వాల్వ్‌బాడీ
ఈ పనిలో ఉన్నవాడిని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఏ బాక్స్ వెయ్యాలన్నది రెండో ప్రశ్న అండి. మీ బాక్స్ ఎందుకు పోయింది అన్నది మొదటి ప్రశ్న. అది తెలీకుండా కొత్తది తెచ్చి పెట్టినా అదే కారణం దాన్నీ తినేస్తుంది.

మీరు చెప్పిన రెండు లక్షణాలు, అంటే మూడో గేరు జారటం, రివర్స్ ఆలస్యం, నాకు ఒకే చోటుకి వేలు చూపిస్తున్నాయి. చాలా ఆరు గేర్ల ఆటోమేటిక్‌లలో మూడు, ఐదు, రివర్స్ ఈ మూడింటికీ పని చేసేది ఒకే క్లచ్ ప్యాక్ (ఆయిల్ ప్రెషర్‌తో అదిమితే పట్టుకునే ప్లేట్ల కట్ట). రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఒక క్లచ్ వదిలెయ్యాలి, ఈ క్లచ్ పట్టుకోవాలి, అది పట్టుకోవటం లేటైతే మధ్యలో ఇంజన్‌కి లోడ్ లేక రేజ్ అవుతుంది. మరి నాలుగు నుంచి ఐదుకి వెళ్ళేటప్పుడు కూడా అలా అవుతోందా? అది చూసి చెప్పండి. ఇంకా స్కానర్‌లో ఏ కోడ్‌లు ఉన్నాయో కావాలి, ఇంజన్ వైపు చూసే చిన్న స్కానర్ కాదు, ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌ని చదివేది. ఉత్త పీ0700 కనపడితే అది ఏమీ చెప్పినట్టు కాదు, టీసీఎంలో (ఆ ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో) ఏదో ఉంది వెళ్ళి చూడు అని ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) చెప్పటం అంతే. ఆ తర్వాత బాక్స్ అడుగున ఉండే ఆయిల్ ప్యాన్ దించి ఫోటో పెట్టండి.

రాత్రి_డ్రైవర్
ఆయిల్ మార్చి చూడొచ్చుగా ముందు? నా కారుకి ఆయిల్ మారిస్తే జర్క్‌లు పోయాయి.

స్పానర్12
@రాత్రి_డ్రైవర్ జర్క్ వేరు, జారటం వేరు. ఆయిల్ తక్కువుంటే జారుతుంది నిజమే, లెవెల్ చూడాలి, కానీ ప్లేట్లు అరిగిపోయాక కొత్త ఆయిల్ పోస్తే తిరిగొచ్చేదేం లేదు.

ఆయిల్‌మరక
"లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అన్న మాటే సగం బాక్సుల్ని చంపింది. బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ లాంటి కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్ళకి మార్చమంటోంది. @గేర్_గోల మీదెప్పుడైనా మార్చారా?

గేర్_గోల
నేను కొన్నప్పుడే లక్ష తిరిగుంది, అంతకు ముందు ఓనర్ మార్చాడో లేదో కాగితాల్లో లేదు. నా దగ్గరకొచ్చాక ఒకసారి మార్పించా.

నిన్న ఇంకో చోట సరైన స్కానర్ పెట్టించా. పీ0700తో పాటు పీ0733, పీ0741 వచ్చాయి. నాలుగు నుంచి ఐదుకి కూడా చూశా @వాల్వ్‌బాడీ గారు, మీరు అడిగేదాకా గమనించలేదు, అవును అక్కడా కొంచెం రేజ్ అవుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు బాగా తెలుస్తోంది. ప్యాన్ కూడా దింపించా. ఆయిల్ ముదురు గోధుమ రంగు, మాడు వాసన. మ్యాగ్నెట్ మీద బూడిద రంగు ముద్ద ఉంది, ప్యాన్ అడుగున నల్లటి పొడి, దాంట్లో మెరిసే రజను లాంటిది.

వాల్వ్‌బాడీ
మ్యాగ్నెట్ మీద మెత్తటి బూడిద ముద్ద ప్రతి బాక్స్‌లోనూ ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. నల్ల పొడి మాత్రం క్లచ్ ప్లేట్ల మీది ఫ్రిక్షన్ లైనింగ్. మెరిసే రజను మ్యాగ్నెట్‌కి అంటుకోవటం లేదంటే బుష్‌లదో అల్యూమినియమో అయి ఉండొచ్చు. పీ0733 అంటే మూడో గేరులో రావాల్సిన నిష్పత్తి రావట్లేదని, జారుతోందన్నమాటే. పీ0741 అంటే కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ (ఇంజన్‌నీ బాక్స్‌నీ నేరుగా కలిపేది) పట్టుకోవట్లేదని.

ఈ రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: ముందు లాకప్ జారటం మొదలైంది. లాకప్ పట్టకపోతే కన్వర్టర్ లోపల ఆయిల్ చిలుకుతూనే ఉంటుంది, ఆ వేడంతా ఆయిల్‌లోకే. ఏళ్ళ తరబడి ఆ వేడికి, ప్లేట్లని అదిమే క్లచ్ పిస్టన్ల రబ్బరు సీళ్ళు గట్టిపడ్డాయి. గట్టిపడ్డ సీల్ చల్లగా ఉన్నప్పుడు అసలు అదమదు, పక్కనుంచి ప్రెషర్ కారిపోతుంది, అందుకే పొద్దున రివర్స్ లేటు. వేడెక్కాక కొంచెం మెత్తబడి పట్టుకుంటుంది. అలా సగం ప్రెషర్‌తో పట్టుకునీ పట్టుకోకా ప్లేట్లు మాడాయి. విప్పితే గాని నూటికి నూరు చెప్పలేను, కానీ విప్పినప్పుడు ముందు చూడాల్సింది ఆ ప్లేట్లు ఉండే మూడు-ఐదు-రివర్స్ డ్రమ్మే.

స్పానర్12
ఇప్పుడు ఒప్పుకుంటా, బాక్స్ దించాల్సిందే.

నాలుగుచక్రాలు
అయితే నేను చెప్పిందే కదా, పాతది తెచ్చి వేసుకోవటం. దానికెందుకు ఇంత పరిశోధన.

వాల్వ్‌బాడీ
@నాలుగుచక్రాలు మీకు బాగా పడింది, సంతోషం. కానీ ఇదే మోడల్, ఇదే వయసున్న కారులోంచి దించిన బాక్స్‌లో అవే రబ్బరు సీళ్ళు, అదే వయసు. కిలోమీటర్లు తక్కువుండొచ్చు, ఆయిల్ ఎప్పుడూ మార్చకుండా ఉండుండొచ్చు. అది తెలిసే మార్గం ఏమిటి?

నాలుగుచక్రాలు
మార్గం ఉంది. నేను కొనేముందు డోనర్ కారు (బాక్స్ దించబోయే కారు) చూశా, గుద్దింది వెనక వైపు, ఇంజన్ ఇంకా స్టార్ట్ అవుతోంది, స్కానర్ పెట్టి కోడ్‌లు లేవని చూసుకున్నా, అన్ని గేర్లూ వేయించా, అక్కడే ప్యాన్ దింపించి ఆయిల్ ఎర్రగా ఉందని చూశాకే డబ్బు ఇచ్చా. ముందు నుంచి గుద్దుకున్న కారులో బాక్స్ అయితే ముట్టుకోను, మౌంట్‌లు విరిగి కేసు పగులు ఉంటుంది, బయటికి కనపడదు. నేల మీద పడేసి ఉన్న బాక్స్ కూడా వద్దు, దాని చరిత్ర ఎవరికీ తెలీదు, గొట్టాల నోళ్ళు మూయకపోతే లోపలికి నీళ్ళు కూడా పోతాయి. వెయ్యబోయే ముందు యాక్సిల్ సీళ్ళు, ఫిల్టర్, ముందు సీల్ కొత్తవి వేయించా, బాక్స్ కింద ఉన్నప్పుడు అది అరగంట పని, పైన బిగించాక మళ్ళీ దించాలి.

వాల్వ్‌బాడీ
ఇంత చూసి కొంటే నేనూ కాదనను. ఇంత చూసి కొనేవాళ్ళు తక్కువ, అదే నా బాధ.

నాలుగోగేరు
నాది ఫోర్ వీల్ డ్రైవ్. పాతది కొనేవాళ్ళకి ఒక మాట, బాక్స్ పేరు ఒకటే అయితే సరిపోదు, దాని మీద ఉన్న కోడ్ మొత్తం కలవాలి. ఒకే బాక్స్‌ని చిన్న ఇంజన్‌కి ఒక ఫైనల్ డ్రైవ్‌తో (చక్రాలకి వెళ్ళే చివరి గేరు నిష్పత్తితో), పెద్ద ఇంజన్‌కి ఇంకో ఫైనల్ డ్రైవ్‌తో ఇస్తారు, బయట నుంచి చూస్తే కవలలే. ఫ్రంట్ వీల్ కారులో అయితే స్పీడ్ లెక్కలు, గేరు మారే చోట్లు తేడా కొడతాయి. ఫోర్ వీల్‌లో అయితే ఇంకా ఘోరం, సుబారు కార్లలో ముందు డిఫరెన్షియల్ బాక్స్‌లోనే ఉంటుంది, వెనకది వేరే, రెండింటి నిష్పత్తీ ఒకటే ఉండాలి. ముందు 3.9, వెనక 4.11 పడితే రెండు యాక్సిళ్ళూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో ఉన్న కప్లింగ్ మాడిపోతుంది. మట్టిలో అయితే టైర్లు జారతాయి కాబట్టి బతుకుతుంది, గట్టి రోడ్డు మీద కాదు.

గేర్_గోల
కోడ్ ఎక్కడుంటుంది?

నాలుగోగేరు
బాక్స్ కేసు మీద చిన్న రేకు ప్లేటో స్టిక్కరో ఉంటుంది. చాలా కార్లకి డోర్ పిల్లర్ మీది ప్లేట్‌లో కూడా ట్రాన్స్‌మిషన్ కోడ్, యాక్సిల్ కోడ్ రాసుంటాయి. మాసిపోయుంటే ఛాసిస్ నెంబర్ ఇచ్చి పార్ట్స్ కౌంటర్‌లో అడగండి.

సీవీటీ_సారథి
మనలో సీవీటీ వాళ్ళెవరైనా ఉంటే, మనకి ఈ సీళ్ళు ప్లేట్ల కథ చాలా వరకు వర్తించదు. లోపల రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు, పుల్లీ ముఖం మీద ఒక్క గీత పడితే బెల్టు జారి ఇంకా గీస్తుంది. మామూలు గ్యారేజ్‌లో సీవీటీ రీబిల్డ్ అంటే నేను నమ్మను. దానికి రీమ్యానో కొత్తదో. ఆయిల్ కూడా సీవీటీది వేరే, మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ బాక్స్ ఆయిల్) పోస్తే ఖతం.

ఆయిల్‌మరక
మామూలు ఆటోమేటిక్‌లలో కూడా అన్నీ ఒకటి కాదు. డెక్స్‌రాన్ సిక్స్, మెర్కాన్ ఎల్‌వీ, డబ్ల్యూఎస్, ఇలా ఎవరి స్పెసిఫికేషన్ వాళ్ళది. అన్నీ ఎర్రగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి పోసేస్తారు.

మాన్యువల్_మనిషి
మాన్యువల్ మాట ఎవరూ పట్టించుకోలేదు 😀 నిజంగా అడుగుతున్నా, ఎందుకు వద్దు?

పాతకారు_ప్రేమి
వద్దని కాదు, కారుని బట్టి. పాత రియర్ వీల్ కారు అయితే ఆనందంగా చెయ్యొచ్చు. ఈయన కారు కొత్త తరం ఫ్రంట్ వీల్. క్లచ్ పెడల్, మాస్టర్ సిలిండర్, ఫ్లైవీల్, షిఫ్టర్ కేబుళ్ళు, యాక్సిళ్ళు, మౌంట్‌లు అన్నీ మాన్యువల్ కారులోవి కావాలి. అవన్నీ దొరికినా ఈసీయూ ఆటోమేటిక్ బాక్స్ కోసం వెతుకుతూనే ఉంటుంది, అది కనపడక లింప్ మోడ్‌లోకి (బలం తగ్గించుకుని నడిచే స్థితికి) పోతుంది, మాన్యువల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. అదే మోడల్‌లో అదే ఇంజన్‌తో కంపెనీ మాన్యువల్ ఇచ్చి, మొత్తం డోనర్ కారు దొరికితేనే ఆ పని.

నాది పాత అమెరికన్ కారు, టీహెచ్350 మూడు గేర్ల ఆటోమేటిక్ ఉండేది, మూడో గేరు 1.00, ఓవర్‌డ్రైవ్ (1.00 కంటే తక్కువ నిష్పత్తి గేరు) లేదు. 700ఆర్4 వేశా, నాలుగో గేరు 0.70. మొదటి గేరు కూడా 2.52 నుంచి 3.06 అయింది, సిగ్నల్ దగ్గర లేచే తీరే మారిపోయింది. దీనికి కూడా క్రాస్‌మెంబర్ వెనక్కి జరపాల్సొచ్చింది. అన్నిటికంటే ముఖ్యం టీవీ కేబుల్, థ్రాటిల్ నుంచి బాక్స్‌కి వెళ్ళేది. అది సరిగ్గా సెట్ చెయ్యకుండా నడిపితే లోపల ప్రెషర్ చాలక కొత్త బాక్స్ కూడా కాలిపోతుంది. టీవీ కేబుల్ సెట్ చేసేదాకా కారుని గేటు దాటనివ్వకండి.

లెక్కల_మాస్టారు
@పాతకారు_ప్రేమి చెప్పిన ఓవర్‌డ్రైవ్ ఎంత తేడానో అంకెల్లో చూడండి. 205/55 ఆర్16 టైరు చుట్టుకొలత సుమారు 1.985 మీటర్లు. గంటకి 100 కిలోమీటర్లంటే నిమిషానికి 1667 మీటర్లు, చక్రం 840 సార్లు తిరగాలి. ఫైనల్ డ్రైవ్ 3.73, టాప్ గేరు 1.00 అయితే ఇంజన్ 3130 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. అదే 0.70 అయితే 2190. టైరు, ఫైనల్ డ్రైవ్ మారిస్తే మీ కారు లెక్క మీరే చేసుకోవచ్చు. వేరే కోడ్ ఉన్న బాక్స్ కొనేముందు ఈ లెక్క వేసుకుంటే @నాలుగోగేరు చెప్పిన తేడా కాగితం మీదే బయటపడుతుంది. ఈ లెక్కలో కన్వర్టర్ లాకప్ అయిందని అనుకుంటున్నా, లాకప్ లేకపోతే ఇంకా పైన తిరుగుతుంది.

రాత్రి_డ్రైవర్
మాస్టారు బడి వదిలినా లెక్కలు వదల్లేదు 😄 కానీ సేవ్ చేసుకున్నా.

గేర్_గోల
సరే మాన్యువల్ పక్కన పెట్టేశా, బావకి ఈ పేజీ చూపిస్తా. ఇప్పుడు రీబిల్డా రీమ్యానా? రెండూ ఒకటే కాదా?

స్పానర్12
రీబిల్డ్ అంటే మీ బాక్స్‌ని ఇక్కడే విప్పి పోయినవి మారుస్తారు. రీమ్యాన్ అంటే వేరేచోట వరసగా అదే రకం బాక్సులు చేసేవాళ్ళు పూర్తిగా విప్పి, ఆ మోడల్‌లో ఎప్పుడూ పోయే భాగాలకి మెరుగుపరిచినవి వేసి, టెస్ట్ బెంచ్ మీద తిప్పి పంపుతారు. మీ పాత బాక్స్ వాళ్ళకి తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే కోర్ డబ్బు (పాత బాక్స్ కోసం పెట్టుకునే డిపాజిట్) వాపసు రాదు. మీ పాతదాని కేసు పగిలుంటే తీసుకోరు, అది ముందే కనుక్కోండి.

తెల్లకాగితం
నేను రీమ్యాన్ వేయించుకున్నా. వారంటీ కాగితం చదవండి దయచేసి. నాకు ఇచ్చిన దాంట్లో పార్ట్‌కి వారంటీ ఉంది, దించి ఎక్కించే కూలీకి లేదు. కూలర్ (బాక్స్ ఆయిల్‌ని చల్లార్చేది) ఫ్లష్ చేసినట్టు బిల్లు లేకపోతే వారంటీ చెల్లదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. బిగించిన గ్యారేజ్ ఆ బిల్లు రాయలేదు. నాకు సమస్య రాలేదు గానీ వచ్చుంటే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకునేవాళ్ళు.

వాల్వ్‌బాడీ
@తెల్లకాగితం చాలా మంచి మాట. కూలర్ గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మీ పాత బాక్స్‌లో రాలిన ఆ నల్ల పొడి, రజను అంతా ఆయిల్‌తో పాటు కూలర్‌లోకి వెళ్ళి కూర్చుంది. కొత్త బాక్స్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే అది తిరిగి లోపలికి వస్తుంది. సన్నటి అరల కూలర్ అయితే ఫ్లష్ చేసినా పూర్తిగా పోదు, మార్చెయ్యటం మంచిది. మీ కూలర్ రేడియేటర్ లోపల ఉంటే ఇంకో సంగతి చూడండి, అది లీకైతే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పాలు కలిపినట్టు గులాబి రంగులోకి వస్తుంది. నీళ్ళూ గ్లైకాలూ కొంచెం కలిసినా లైనింగ్‌ని ప్లేటుకి అంటించే జిగురు ఊడిపోతుంది. మీది గోధుమ రంగే కాబట్టి అది కాదనుకుంటా.

కన్వర్టర్ తప్పకుండా మార్చాలి. మీకు పీ0741 వచ్చింది, దాంట్లోనే జబ్బు మొదలైంది. అది వెల్డింగ్ చేసి మూసేసిన డొల్ల, ప్యాన్‌లా విప్పి కడగలేం, పాతదాన్నే తిరిగి వేస్తానన్నవాడి దగ్గర చేయించకండి.

రీబిల్డా రీమ్యానా అంటే, మీ దగ్గర్లో ఆటోమేటిక్ మాత్రమే చేసేవాళ్ళు ఉంటే వెళ్ళి కూర్చుని మాట్లాడండి. ప్లేట్ల మధ్య క్లియరెన్స్ కొలుస్తారా, బిగించేముందు ఒక్కో క్లచ్‌కి గాలి కొట్టి పట్టుకుంటుందా కారుతుందా చూస్తారా, వాల్వ్ బాడీ (ఆయిల్‌ని ఒక్కో క్లచ్‌కి పంపే భాగం) బోర్లు అరిగాయేమో ఎలా తెలుసుకుంటారు అని అడగండి. సమాధానం చెప్పటానికి చిరాకు పడితే లేచి వచ్చేయండి, రీమ్యాన్‌కి వెళ్ళండి. "సీల్ కిట్ వేసి ప్లేట్లు మార్చేస్తాం" అనటం రీబిల్డ్ కాదు. డ్రమ్ము, ప్లానెటరీ గేర్లు, బుష్‌లు చూడకుండా మూసేస్తే కొత్త ప్లేట్లు కూడా త్వరగానే మాడతాయి.

నాలుగుచక్రాలు
నేను ఇంకా పాతదే అంటా, కానీ కన్వర్టర్ మాటతో ఏకీభవిస్తున్నా. నేను కూడా మార్చి ఉంటే బాగుండేదేమో, ఇప్పుడు అనుమానం పెట్టారు.

ఆయిల్‌మరక
కోడ్ రాకపోతే, ఆయిల్ ఎర్రగానే ఉంటే కంగారు పడకండి @నాలుగుచక్రాలు

గేర్_గోల
రెండు చోట్ల తిరిగా. మొదటి చోట @వాల్వ్‌బాడీ గారి ప్రశ్నలు అడిగితే "మీరు మెకానిక్కా?" అన్నారు, వచ్చేశా. రెండో చోట ఆయన ఏమీ అనకుండా లోపలికి తీసుకెళ్ళి విప్పి ఉన్న ఒక బాక్స్ చూపించి గాలి ఎలా కొడతారో అక్కడే కొట్టి చూపించారు, క్లచ్ టక్‌మని పట్టుకున్న చప్పుడు వినిపించింది. కన్వర్టర్, కూలర్ కొత్తవి వేస్తానన్నారు. డ్రమ్ము పాడయితే మాత్రం రీబిల్డ్ చెయ్యను, రీమ్యాన్ తెప్పిద్దాం, అప్పుడు విప్పిన కూలీ మాత్రం ఇవ్వండి అన్నారు. అక్కడే ఇచ్చా.

వాల్వ్‌బాడీ
ఆ చివరి మాట చెప్పాడంటే పని తెలిసినవాడే. విప్పినప్పుడు ఫోటోలు తీసుకోండి.

గేర్_గోల
విప్పారు. మూడు-ఐదు-రివర్స్ డ్రమ్ములో పిస్టన్ సీల్ గట్టిపడి ఒక పక్క చీలింది, చేత్తో వంచితే ప్లాస్టిక్‌లా విరిగింది. ప్లేట్లు నల్లగా, రెండిటికి లైనింగే లేదు. డ్రమ్ము మీద గాడి పడలేదు, బాగానే ఉందన్నారు. పంపు దగ్గర బుష్ అరిగింది, ఆ మెరిసే రజను దానిదే అట. కన్వర్టర్ పక్కన పెట్టి కదిపితే లోపల ఏదో గరగరమంటోంది. @వాల్వ్‌బాడీ గారూ, మీరు చూడకుండానే చెప్పారు.

స్పానర్12
👏👏

వాల్వ్‌బాడీ
కోడ్‌లు, లక్షణాలు మీరు సరిగ్గా చెప్పారు కాబట్టి చెప్పగలిగా. ఇప్పుడు బిగించేటప్పుడు రెండు చూడమనండి. కన్వర్టర్ పంపులోకి పూర్తిగా దిగాలి, మెట్లు మెట్లుగా దిగుతుంది, పైపైన కూర్చోబెట్టి బోల్టులతో బెల్ హౌసింగ్‌ని ఇంజన్ దగ్గరకి లాగితే పంపు గేరు అక్కడే విరుగుతుంది. బాక్స్ చేత్తోనే ఇంజన్‌కి ఆనాలి, ఆనాక కూడా కన్వర్టర్ స్వేచ్ఛగా తిరగాలి. రెండోది ఇంజన్ బ్లాక్‌కి ఉండే డవెల్ పిన్నులు, చిన్న గొట్టాల్లా ఉంటాయి, బాక్స్ దించినప్పుడు ఊడి పోతుంటాయి. అవి లేకుండా బిగిస్తే బాక్స్ వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటుంది, ఇప్పుడు మార్చిన బుష్ మళ్ళీ అరుగుతుంది.

నాలుగోగేరు
టీసీఎంలో పాత అడాప్టేషన్ చెరిపించటం మర్చిపోవద్దు. అరిగిన ప్లేట్లకి తగ్గట్టు అది నేర్చుకున్న ప్రెషర్లు కొత్త ప్లేట్ల మీద వాడితే గేరు గుద్దినట్టు పడుతుంది. చెరిపాక నేర్చుకునే డ్రైవ్ ఉంటుంది, తక్కువ థ్రాటిల్‌లో ఒక్కో గేరు నిదానంగా ఎక్కించి దించాలి.

గేర్_గోల
బిగించేశారు. రివర్స్ వెయ్యగానే పట్టుకుంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా. రెండు-మూడు మారింది అసలు తెలీట్లేదు. మొదటి రోజు నాలుగు-ఐదు కొంచెం గట్టిగా పడింది, నేర్చుకునే డ్రైవ్ అయ్యాక అదీ పోయింది. ఆయిల్ లెవెల్ మాత్రం ఎలా చూడాలో చెప్పండి, దీనికి డిప్‌స్టిక్ లేదు.

ఆయిల్‌మరక
డిప్‌స్టిక్ లేనివాటికి చాలావరకు కింద చెక్ ప్లగ్ ఉంటుంది. కారు సమంగా లేపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, అన్ని గేర్లూ ఒక్కోటి కాసేపు వేసి పార్క్‌లోకి తెచ్చి, ఆయిల్ వేడి స్కానర్‌లో చూడాలి. మీ మాన్యువల్‌లో ఒక అంకె ఉంటుంది, చాలావాటికి 40 డిగ్రీల చుట్టుపక్కల. ఆ వేడి దగ్గర ప్లగ్ తీస్తే సన్నగా ధార కారి చుక్కలు చుక్కలుగా మారాలి. అసలేమీ రాకపోతే తక్కువుంది. 70 డిగ్రీల్లో తీస్తే ఆయిల్ ఉబ్బి ఎక్కువ కారిపోతుంది, తర్వాత చల్లబడ్డాక తక్కువైపోయి మళ్ళీ జారుతుంది.

వాల్వ్‌బాడీ
ఒక రెండు వేల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి ప్యాన్ దింపించి చూడండి. కొత్త ప్లేట్లు సర్దుకునేటప్పుడు కొంచెం ముద్ద వస్తుంది, అది మామూలే, రజను మాత్రం కనపడకూడదు. కనపడితే ఫోటో ఇక్కడే పెట్టండి.